మెట్టు తగ్గించకుండా దారి వెడల్పు చేయడం: బ్రిటన్ నర్సింగ్ నియంత్రణ సంస్థ ఇంగ్లీషు నిబంధనల మార్పుపై కేస్ స్టడీ

బ్రిటన్‌లో నర్సుగానో మిడ్‌వైఫ్‌గానో పనిచేయాలంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ (ఎన్‌ఎంసీ) రిజిస్టర్‌లో పేరు ఉండి తీరాలి. ఎన్‌ఎంసీ అనగానే మనకు ఢిల్లీలోని వైద్య కమిషన్ గుర్తొస్తుంది కానీ, ఇక్కడ ఆ మాట బ్రిటన్ సంస్థకే వాడుతున్నాం. 2022 మార్చి నాటికి దాని రిజిస్టర్‌లో 7,58,000 మందికి పైగా ఉన్నారు. బయటి దేశాల్లో చదివి కొత్తగా చేరేవాళ్లలో భారత్, ఫిలిప్పీన్స్ వాళ్లదే పెద్ద వాటా. ఆ ఏడాదే ఎన్‌ఎంసీ తన ఇంగ్లీషు భాషా నిబంధనలను తిరిగి పరిశీలించింది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎనిమిది వారాలు అభిప్రాయాలు సేకరించింది. సెప్టెంబరు 28న దాని పాలక మండలి అయిన కౌన్సిల్ మార్పులను ఆమోదించింది. 2023 ఫిబ్రవరి 8 నుంచి మార్పులు అమల్లోకి వచ్చాయి.

ఇంతా చేసి పాస్ మార్కు మాత్రం మారలేదు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లకు 7, రైటింగ్‌కు 6.5, ఆరోగ్య వృత్తులవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో మొదటి మూడింటికి బి గ్రేడు, రైటింగ్‌కు సీ ప్లస్. అవి ముందెలా ఉన్నాయో తర్వాతా అలాగే ఉన్నాయి. మారింది రుజువు. భాష వచ్చని ఎవరు, ఏ కాగితంతో, ఎంత కాలంలోపు చూపించవచ్చన్నదే మారింది. నియంత్రణ సంస్థల్లో విధాన రచన చేసేవాళ్లకు ఈ కేసు పాఠ్యపుస్తకం లాంటిది. ప్రమాణం, రుజువు అనే రెండింటినీ విడదీసి చూడటం వల్లే ఇందులో కదలిక సాధ్యమైంది.

ఫిర్యాదు నుంచి సమస్య దాకా

ఇలాంటి ఫైలు మొదట ఫిర్యాదుల రూపంలోనే వస్తుంది. పరీక్ష కష్టంగా ఉంది, ఖర్చు ఎక్కువ, అరమార్కుతో పోతోంది, పదేళ్లుగా ఇక్కడే హెల్త్‌కేర్ అసిస్టెంటుగా చేస్తున్నా నా ఇంగ్లీషును ఎవరూ నమ్మరు. ఇవన్నీ నిజమైన బాధలే. కానీ వీటిని యథాతథంగా విధాన సమస్యగా రాస్తే జవాబు కూడా వెంటనే సిద్ధమైపోతుంది: మార్కు తగ్గించు. అప్పుడు చర్చ మొత్తం తగ్గించాలా వద్దా అనే పట్టుదలగా మారుతుంది. ఒకవైపు ఉద్యోగార్థులు, మరోవైపు రోగి భద్రత. ఆ పోటీలో నియంత్రణ సంస్థ ఎప్పుడూ రెండో వైపే నిలబడాలి, నిలబడుతుంది కూడా. ఫైలు అక్కడితో మూతపడుతుంది.

అందుకని సమస్యను ఒక్క పేజీలో, ప్రశ్నగా రాయాలి: సురక్షితంగా పనిచేయడానికి సరిపడా ఇంగ్లీషు ఉన్నవాళ్లను కూడా ఇప్పటి రుజువు పద్ధతి ఆపుతోందా? ఆపితే సరిగ్గా ఏ చోట? భాష రానివాణ్ని లోపలికి రానివ్వడం ఒక తప్పు, భాష వచ్చినవాణ్ని బయట నిలబెట్టడం ఇంకో తప్పు. మొదటి తప్పు ఎప్పుడో ఒకప్పుడు ఫిర్యాదుగా సంస్థ టేబుల్ మీదికి వస్తుంది. రెండోది ఏ ఫైలులోనూ కనబడదు. అప్లికేషన్ పెట్టనేలేదు కాబట్టి ఆ మనిషి లెక్కలోకే రాడు. దీన్ని మొదటి పేజీలో స్పష్టంగా రాయకపోతే చివరిదాకా ఆధారాలన్నీ ఒకవైపే పోగుపడతాయి.

చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది

ఎన్‌ఎంసీకి ప్రాణం పోసింది నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ ఆర్డర్ 2001 అనే చట్టబద్ధమైన ఉత్తర్వు. ప్రజల రక్షణే దాని ప్రధాన ఉద్దేశం. ప్రజల ఆరోగ్యం, భద్రత, క్షేమం ఒకటి; వృత్తి మీద ప్రజల నమ్మకం రెండోది; వృత్తి ప్రమాణాలు మూడోది; ఈ మూడు పాయలూ అందులోనివే. సిబ్బంది కొరత తీర్చడం వీటిలో లేదు. ఆస్పత్రుల్లో ఖాళీలు ఎన్ని ఉన్నా, అది భాషా నిబంధన మార్చడానికి చట్టబద్ధమైన కారణం కాదు. కొరత ప్రస్తావన నేపథ్యంలో ఉండవచ్చు, సిఫారసుకు ఆధారంగా ఉండకూడదు. కౌన్సిల్‌కు పెట్టే పేపర్లలో ఈ గీత దాటడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. కోర్టులో సవాలు ఎదురైతే మొదట పట్టుబడేదీ అదే.

2015లో వచ్చిన మరో ఆర్డర్ భాషకు సంబంధించి రెండు పనులు చేసింది. రిజిస్టర్‌లోకి రాబోయేవాళ్లను ఇంగ్లీషు రుజువు అడిగే అధికారం ఇచ్చింది. రిజిస్టర్‌లో ఉన్నవాళ్లకు సరిపడా భాష లేకపోవడాన్ని వృత్తికి తగినవారా కాదా అని విచారించే కారణాల్లో చేర్చింది. ఈ రెండోది చాలామంది పట్టించుకోరు. గుమ్మం దగ్గర తనిఖీ ఒక్కటే రక్షణ కాదు, లోపలికి వచ్చాక కూడా ఇంకో రక్షణ ఉందని చూపిస్తే రుజువు దారుల గురించి ధైర్యంగా ఆలోచించే వీలు దొరుకుతుంది. ఇంగ్లీషులో స్పష్టంగా మాట్లాడగలగాలని వృత్తి నియమావళి 7.5లో ఎలాగూ ఉంది.

ఇంకో విషయం. ఏ రుజువు చెల్లుతుందన్నది కౌన్సిల్ ప్రచురించే మార్గదర్శకాల్లో ఉంటుంది. నిబంధనలను మార్చాలంటే బ్రిటన్ రాజు సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాలి, మార్గదర్శకాలకు ఆ అవసరం లేదు. ఏ వాక్యం చట్టంలో ఉంది, ఏది నిబంధనలో ఉంది, ఏది మార్గదర్శకంలో ఉంది అని మొదటి వారంలోనే పట్టిక వేసుకోవాలి. ప్రాజెక్టుకు నెలలు పడుతుందా సంవత్సరాలు పడుతుందా అన్నది ఆ పట్టికే చెబుతుంది.

పాత మార్పులు నేర్పినవి

ఈ నిబంధన కదలడం 2022లోనే మొదలు కాదు. 2016 జనవరిలో భాషా తనిఖీని యూరోపియన్ యూనియన్ దరఖాస్తుదారులకూ విస్తరించారు. 2017 నవంబరులో ఐఈఎల్‌టీఎస్‌తో పాటు ఓఈటీని ఒప్పుకున్నారు. 2018 డిసెంబరులో ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌ను 7 నుంచి 6.5కు తెచ్చారు, తర్వాత ఓఈటీ రైటింగ్‌ను బి నుంచి సీ ప్లస్‌కు.

2016 అనుభవం దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది జులైలో యూరోపియన్ యూనియన్ నుంచి రిజిస్టర్‌లో చేరినవాళ్లు 1,304 మంది. 2017 ఏప్రిల్‌లో 46 మంది. 96 శాతం పతనం. కారణం బ్రెగ్జిట్ అని కొందరు, భాషా పరీక్ష అని కొందరు వాదించారు. రిఫరెండం జరిగింది 2016 జూన్‌లో, పరీక్ష వచ్చింది అదే ఏడాది జనవరిలో. పరీక్ష వచ్చేలోపే అప్లికేషన్ పెట్టేద్దామని తొందరపడినవాళ్ల ఫైళ్లు ప్రాసెస్ అయి బయటికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది కాబట్టి, జులై అంకెలోనే ఆ ఉబ్బు ఉండే అవకాశం ఉంది. రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాక, నెలవారీ చేరికల లెక్క ఒక్కటే పెట్టుకుని వాటిని విడదీయడం కుదరదు. విడదీయాలంటే అప్లికేషన్ మొదలుపెట్టిన తేదీ, ఏ దశలో ఆగిపోయింది, ఎందుకు ఆగింది అనేవి విడివిడిగా నమోదై ఉండాలి. మార్పు ప్రకటించాక మొదలుపెడితే ఆ డేటా దొరకదు, అంతకుముందే ఉండాలి.

ఆగిపోతున్నది ఎక్కడ

ఈ మార్పుకు ముందు రుజువుకు మూడు దారులు ఉండేవి. ఇంగ్లీషులో బోధించి, ఇంగ్లీషులో పరీక్ష పెట్టిన నర్సింగ్ కోర్సు, ఇంగ్లీషు ప్రధాన భాషగా ఉన్న దేశంలో రిజిస్టరై పనిచేసిన అనుభవం, లేదా పరీక్ష. కాగితం మీద చూస్తే మొదటి దారి మన బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లకు తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది. చదువు ఇంగ్లీషులోనే, పరీక్షా ఇంగ్లీషులోనే. అయితే శిక్షణలో రోగులతో, వాళ్ల కుటుంబాలతో, తోటి సిబ్బందితో జరిగే క్లినికల్ సంభాషణలో కనీసం 75 శాతం ఇంగ్లీషులో జరిగి ఉండాలని షరతు. గుంటూరులోనో కర్నూలులోనో వార్డులో నర్సింగ్ విద్యార్థి కేస్ షీటు ఇంగ్లీషులో రాస్తుంది, డాక్టరుతో రౌండ్స్‌లో సగం ఇంగ్లీషు మాట్లాడుతుంది, మంచం పక్కన మాత్రం "నొప్పి ఎక్కడుందమ్మా" అనే అడుగుతుంది. అలా అడగకపోతే ఆమె మంచి నర్సు కాదు. కాబట్టి ఆ దారి చట్టరీత్యా తెరిచి ఉన్నా ఆచరణలో మూసే ఉంటుంది.

ఆ షరతు అర్థం లేనిది మాత్రం కాదు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు వేరు, భయపడుతున్న మనిషిని ఊరడించే ఇంగ్లీషు వేరు. షరతు వెనక ఉన్న ప్రశ్న సరైనదే: రోగితో మాట్లాడగలదా? దానికి జవాబు వెతికిన చోటే సరికాదు. ఆ జవాబు ఆమె చదివిన దేశంలో దొరకదు. ఇప్పుడు బ్రిటన్‌లోనే కేర్ హోమ్‌లోనో ఆస్పత్రిలోనో రోజూ ఇంగ్లీషులో పనిచేస్తుంటే, అక్కడ దొరుకుతుంది.

రెండు సిట్టింగుల లెక్క

మొదటి మార్పు పరీక్ష స్కోర్లు కలపడం గురించి. రెండుసార్లు రాసిన ఫలితాలను కలుపుకునే వీలు ముందే ఉండేది, కానీ రెండింటి మధ్య ఆరు నెలలకు మించకూడదు. దాన్ని 12 నెలలు చేశారు. ఏ సిట్టింగులోనూ కావలసిన స్కోరుకు అరమెట్టు కన్నా కింద ఉండకూడదన్న నియమాన్ని అన్ని విభాగాలకూ ఒకేలా పెట్టారు. అంటే ఐఈఎల్‌టీఎస్‌లో మూడు విభాగాలకు కనీసం 6.5, రైటింగ్‌కు కనీసం 6. ఓఈటీలో మూడింటికి కనీసం సీ ప్లస్, రైటింగ్‌కు కనీసం సీ.

ఒక స్కోరు కార్డు వేసి చూద్దాం. మొదటిసారి లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 6.5. ఎనిమిది నెలల తర్వాత వరుసగా 7, 6.5, 7, 6. విడివిడిగా రెండూ ఫెయిలే. కలిపితే నాలుగు విభాగాల్లోనూ ఏదో ఒక సిట్టింగులో కావలసిన స్కోరు ఉంది, ఏదీ కనీస హద్దు కింద లేదు. కొత్త నియమంలో ఇది చెల్లుతుంది. ఆరు నెలల గడువులో ఎనిమిది నెలల తేడా ఒక్కటే చాలు, పోయేది. అదే రెండో సిట్టింగులో రైటింగ్ 5.5 అయితే కొత్త నియమంలోనూ చెల్లదు, మొదటిసారి 6.5 ఉన్నా సరే. కేస్‌వర్కర్లకు ఇచ్చే శిక్షణలో ఇలాంటి ఉదాహరణలు చెల్లేవి, చెల్లనివి సమంగా ఉండాలి. చెల్లేవి మాత్రమే చూపిస్తే హద్దు ఎక్కడో అర్థం కాదు.

అరమెట్టే ఎందుకు? ఏ భాషా పరీక్ష స్కోరుకైనా కొంత కొలత లోపం ఉంటుంది. అదే మనిషి వచ్చే వారం రాస్తే స్కోరు కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ ఊగిసలాట పరిధిలో ఉన్న తేడాను రెండో రుజువుతో పూడ్చుకోనివ్వడం ప్రమాణం తగ్గించినట్టు కాదు. ఒక మెట్టంతా వదిలేస్తే మాత్రం తగ్గించినట్టే. ఈ వాదనను కౌన్సిల్ పేపర్లో రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. లేకపోతే అరమెట్టు అనేది బేరంలో తేలిన అంకెలా కనిపిస్తుంది.

యజమాని సంతకం: అన్నిటికన్నా కష్టమైన భాగం

రెండో మార్పు, నా దృష్టిలో అసలు మార్పు, యజమాని నుంచి వచ్చే సమాచారాన్ని రుజువుగా ఒప్పుకోవడం. వాడుకలో సైఫ్ (సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ ఫ్రమ్ ఎంప్లాయర్స్) అంటారు. రెండు రకాలవాళ్లకు ఇది అందుబాటులోకి వచ్చింది: ఇంగ్లీషు ప్రధాన భాష కాని దేశంలో ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో పరీక్ష రాసినవాళ్లు, పరీక్షలో ఒకే ఒక్క విభాగంలో ఐఈఎల్‌టీఎస్ అయితే 0.5తో, ఓఈటీ అయితే అర గ్రేడుతో తప్పినవాళ్లు. బ్రిటన్‌లో ఆరోగ్య, సంరక్షణ రంగంలో ఆ యజమాని దగ్గర కనీసం 12 నెలలు పనిచేసి ఉండాలి. ఫారం నింపేది ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో ఉన్న లైన్ మేనేజర్. దాని మీద పై స్థాయిలోని మరో రిజిస్టర్డ్ వ్యక్తి ప్రతిసంతకం చేయాలి.

హెచ్‌ఆర్ అధికారి సంతకం ఎందుకు సరిపోదు? హెచ్‌ఆర్ అధికారి తప్పుడు మాట రాస్తే నియంత్రణ సంస్థ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. రిజిస్టర్డ్ నర్సు తప్పుడు మాట రాస్తే నిజాయితీకి సంబంధించిన నియమావళి ఉల్లంఘన అవుతుంది, ఆమె రిజిస్ట్రేషనే ప్రశ్నలో పడుతుంది. సంస్థకు పట్టు ఉన్న మనుషుల చేతే సంతకం పెట్టించడం ఈ డిజైన్‌లోని తెలివి. ప్రతిసంతకం ఇంకో పని చేస్తుంది: లైన్ మేనేజర్ మీద పడే ఒత్తిడిని పంచుతుంది.

ఆ ఒత్తిడి నిజమైనది, రెండు వైపుల నుంచీ వస్తుంది. రోజూ పక్కన పనిచేసే మనిషికి లేదు అని చెప్పడం కష్టం. చాలా చోట్ల ఆ మనిషి వీసాకు స్పాన్సర్ కూడా అదే యజమాని. రిజిస్ట్రేషన్ వస్తే ఆమె వేరే చోటికి వెళ్లిపోతుందన్న భయంతో సంతకం ఆపేవాళ్లు ఉంటారు. నర్సుల ఖాళీ నిండుతుందన్న ఆశతో తొందరగా పెట్టేవాళ్లూ ఉంటారు. సొంత రిజిస్టర్డ్ మేనేజర్ లేని చిన్న కేర్ సంస్థల్లో పనిచేసేవాళ్లకు ఈ దారి మొదటి నుంచే అందదు. ఈ మూడింటినీ రిస్క్ పట్టికలో విడివిడిగా రాయాలి, ఎందుకంటే వాటి మందులు వేరు. మొదటిదానికి ఎన్‌ఎంసీ దగ్గర మందు లేదు, సంతకం పెట్టి తీరాలని యజమానిని బలవంతపెట్టే అధికారం దానికి లేదు. రెండోదానికి ఉంది: ఒకే చోటి నుంచి, ఒకే వ్యక్తి చేత అసాధారణ సంఖ్యలో ఫారాలు వస్తే గుర్తించడం. దానికి సంతకం చేసినవాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు వెతకగలిగే గడిలో ఉండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ లోపల ఉంటే ఎవరూ వెతకలేరు.

ఫారంలో ప్రశ్నల తీరు మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. "ఈమెకు ఇంగ్లీషు బాగా వచ్చా?" అని అడిగితే అందరూ అవుననే రాస్తారు. నాలుగు విభాగాలకూ గమనించదగ్గ పని అడగాలి. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ విని, అందులోంచి ముఖ్యమైనది తిరిగి చెప్పగలదా? కేర్ ప్లాన్ చదివి దాని ప్రకారం చేయగలదా? పడిపోయిన రోగి గురించి ఇన్సిడెంట్ రిపోర్టు ఎవరి సాయం లేకుండా రాయగలదా? ఫోన్లో రోగి బంధువు అడిగినదానికి బదులివ్వగలదా? "చూశాను", "చూడలేదు" అనే జవాబులు అభిప్రాయం కన్నా నిలకడగా ఉంటాయి. ఒక్క విభాగంలో తప్పినవారి విషయంలో ఆ విభాగానికి సంబంధించిన ఉదాహరణను ప్రత్యేకంగా రాయించాలి.

అభిప్రాయాలు లెక్కపెట్టడం, తూచడం

సంప్రదింపులకు 34,000 మందికి పైగా స్పందించారు. ఇంత పెద్ద సంఖ్య ఆనందాన్నిస్తుంది, దారీ తప్పిస్తుంది. స్పందించేవాళ్లలో నిబంధన వల్ల నేరుగా దెబ్బతిన్నవాళ్లే ఎక్కువగా ఉండటం సహజం. వాళ్ల మాట విలువైనదే. కానీ శాతాలను ఓట్లలా చూపితే, రేపు రోగుల సంఘం ఒకటి ఇదే సంఖ్యలో ఎదురు స్పందనలు పంపితే ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబుండదు. ప్రతి ప్రశ్నకూ జవాబులను వర్గాలవారీగా విడదీయాలి: బ్రిటన్‌లో చదివిన రిజిస్ట్రెంట్లు, బయట చదివినవాళ్లు, రిజిస్ట్రేషన్ లేకుండా పనిచేస్తున్నవాళ్లు, యజమానులు, సాధారణ ప్రజలు. అన్ని వర్గాలూ ఒకే దిక్కు చూపిస్తే అది బలమైన ఆధారం. చీలితే, ఎందుకు చీలాయో రాతపూర్వక వ్యాఖ్యల్లో వెతకాలి.

బ్రిటన్ కోర్టులు సంప్రదింపులకు పెట్టిన కొలబద్ద 1985 నాటి గన్నింగ్ కేసులోంచి వచ్చింది. నిర్ణయం ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే అడగాలి. ఆలోచించి చెప్పడానికి సరిపడా కారణాలు ఇవ్వాలి. తగిన సమయం ఇవ్వాలి. వచ్చినదాన్ని మనస్ఫూర్తిగా పరిగణించాలి. నాలుగోదాన్ని నిరూపించుకోవడమే కష్టం. దానికి తేలికైన పద్ధతి, ప్రతి ముఖ్యమైన అభ్యంతరం పక్కన "దీనివల్ల ప్రతిపాదనలో మారినది" అనే గడి పెట్టుకుని, ఏమీ మారకపోతే ఎందుకు మారలేదో నింపడం. ఆ గడి చివరి వారంలో నింపితే సాకుల్లా ఉంటుంది. స్పందనలు చదువుతున్నప్పుడే నింపాలి.

సమానత్వ ప్రభావ మదింపు కూడా అంతే. ఈక్వాలిటీ యాక్ట్ 2010లో భాష విడిగా రక్షిత లక్షణం కాదు. కానీ జాతి అనే లక్షణంలో జాతీయత, జాతి మూలం ఉన్నాయి. భాషా నిబంధన భారం ఎవరి మీద పడుతుందో అందరికీ తెలిసిందే. అందుకని "తటస్థ ప్రభావం" అని రాసి ముగించడం కుదరదు. భారం ఉంది, దాని ఉద్దేశం రోగి భద్రత, ఆ ఉద్దేశానికి మించి భారం వేయడం లేదు అని అంచెలంచెలుగా చూపాలి. డిస్‌లెక్సియా ఉన్నవాళ్లకు రైటింగ్ పరీక్ష, ప్రసూతి సెలవు వల్ల 12 నెలల సర్వీసు తెగిపోయినవాళ్లు, పార్ట్‌టైమ్ పనివాళ్లు, వీళ్లను కూడా మరిచిపోకూడదు. ఉత్తర ఐర్లాండ్‌కు నార్తర్న్ ఐర్లాండ్ యాక్ట్ 1998 సెక్షన్ 75 కింద సమానత్వ బాధ్యత వేరే ఉంది.

ఆమోదం నుంచి అమలు దాకా

కౌన్సిల్ ఆమోదానికీ అమలుకూ మధ్య నాలుగు నెలలకు పైగా పట్టింది. బయటినుంచి చూస్తే జాప్యంలా ఉంటుంది. ఆన్‌లైన్ అప్లికేషన్‌లో కొత్త దారి చేర్చాలి, ఫారం పరీక్షించి చూడాలి, కేస్‌వర్కర్లకు శిక్షణ ఇవ్వాలి, కాల్ సెంటర్ వాళ్లకు ప్రశ్నోత్తరాలు సిద్ధం చేయాలి, యజమానులకు వాళ్ల బాధ్యత చెప్పాలి. ఇందులో అందరికన్నా ఆలస్యంగా గుర్తొచ్చేది యజమానులే. అమలు తేదీ ఉదయాన లైన్ మేనేజర్ ముందుకు ఫారం వచ్చేసరికి అదేమిటో ఆమెకు తెలియకపోతే, ఆమె చేసే మొదటి పని వద్దనడం.

పాత నిబంధన కింద తిరస్కరణ పొందినవాళ్లు మళ్లీ మొదటినుంచి రావాలా, అమలు తేదీకి ముందు రాసిన పరీక్షలు కొత్త 12 నెలల లెక్కలోకి వస్తాయా, ఈ రెండు ప్రశ్నలకు జవాబు ప్రకటనలోనే ఉండాలి. ప్రకటన వెలువడిన గంట నుంచే వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం వీటి గురించే ఉంటాయి.

చివరిగా మదింపు. భాష కారణంగా విచారణ దాకా వెళ్లే కేసులు రిజిస్టర్ పరిమాణంతో పోలిస్తే చాలా తక్కువ. ఒక ఏడాది రెండు పెరిగాయనో తగ్గాయనో చూసి కొత్త దారి మంచిచెడ్డలు తేల్చలేం. పనికొచ్చే పోలిక ఒకటే: సైఫ్ ద్వారా చేరినవాళ్లు, స్కోర్లు కలిపి చేరినవాళ్లు, ఒకే సిట్టింగులో పాసైనవాళ్లు, ఈ మూడు గుంపులకూ ఫిర్యాదుల రేటు కొన్నేళ్లపాటు పక్కపక్కన పెట్టి చూడటం. సైఫ్ వాళ్లు అప్పటికే బ్రిటన్‌లో ఏడాది పైగా పనిచేసి ఉంటారు కాబట్టి, పని అనుభవాన్ని సరిచేసుకోకుండా పోలిస్తే ఫలితం వాళ్లకు అనుకూలంగా ఒరుగుతుంది. ఇదంతా జరగాలంటే ప్రతి రిజిస్ట్రేషన్ రికార్డులోనూ ఏ భాషా రుజువుతో చేరారన్నది ఒక కోడ్‌గా, మొదటి రోజు నుంచే నమోదు కావాలి. అమలు ప్రణాళికలో అది ఐటీ వాళ్లకు ఒక చిన్న గడి. బడ్జెట్ బిగిసినప్పుడు మొదట కొట్టేసేది కూడా ఆ గడినే. కాబట్టి దాన్ని కౌన్సిల్ ఆమోదించే సిఫారసుల్లోనే ఒకటిగా రాయించాలి.